క్రియకు తోక: ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బులను తెలుగు చేయడం ఎలా

విజయవాడలో ఒక పత్రిక డెస్కులో చేరి రెండు వారాలు కాలేదు. రాత్రి పదకొండు దాటింది. ఏజెన్సీ నుంచి ఒక ఇంగ్లిష్ వార్త వచ్చింది. ఏదో ఫ్యాక్టరీలో కార్మికులు 'వాక్డ్ ఔట్' అట. నేను ఠక్కున రాసేశాను: 'కార్మికులు బయటికి నడిచి వెళ్ళడంతో ఉత్పత్తి నిలిచిపోయింది.' పక్క కుర్చీలో సీనియర్ ఆ కాగితం తీసుకుని అందరికీ వినపడేలా చదివి, 'నడిచి కాకపోతే ఆటో కట్టించుకుని వెళ్తారేంట్రా?' అన్నాడు. డెస్కంతా ఒకటే నవ్వు. ఆయన నా వాక్యం కొట్టేసి, 'కార్మికులు పని ఆపేసి బయటికొచ్చేశారు' అని రాసిచ్చాడు.

ఇంగ్లిష్‌లోని 'ఔట్' ఆ వాక్యంలో ఎక్కడికి పోయిందని చాలాకాలం వెతుక్కున్నాను. 'బయటికి'లో ఉందనుకున్నాను. కాదు. 'ఆపేసి', 'వచ్చేశారు' అనే మాటల చివర వేలాడుతున్న 'ఏసి', 'ఏశారు'లో ఉంది. ఇంగ్లిష్ క్రియకు ఒక తోక ఉంటే, తెలుగు క్రియకు ఇంకో తోక ఉంది. ఆ తోకకు ఈ తోక తగిలించడమే పని. 'అప్'ను 'పైకి' అనీ, 'ఔట్'ను 'బయటికి' అనీ అనువదించడం మాత్రం ఈ పనిలోకి రాదు.

ఇప్పుడు సత్యనారాయణపురంలో ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేసుకుంటున్నాను. ఆదివారాలు నలుగురైదుగురు కుర్రాళ్ళు, అమ్మాయిలు వస్తారు. సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళు, ఫోన్ యాప్‌లను తెలుగు చేసేవాళ్ళు, డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ వరసలో పెడుతున్నాను.

ముందుగా ఒక ధైర్యవచనం. ఈ తంటా మనకొక్కరికే కాదు. 1755లో ఇంగ్లిష్ నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ దాని ముందుమాటలోనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. క్రియ వెనక చిన్న మాట ఒకటి చేర్చి అర్థం మార్చేయడం ఇంగ్లిష్‌లో మరీ ఎక్కువనీ, పరాయివాళ్ళకు అన్నిటికన్నా కష్టమయ్యేది ఇదేననీ రాశాడు. ఇలా చిన్న మాట తగిలిన క్రియకు 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకొచ్చింది. అంటే జబ్బు పాతదే, పేరే కొత్తది.

మొదటి అడుగు: తోక ఎక్కడుందో పట్టుకోండి

క్రియా, తోకా పక్కపక్కనే ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. చిక్కల్లా వాటి మధ్యలో నాలుగైదు మాటలు చొరబడినప్పుడే. 'షీ టర్న్డ్ ద జాబ్ హర్ అంకుల్ హాడ్ ఫౌండ్ హర్ డౌన్' అనే వాక్యంలో 'టర్న్డ్' దగ్గర బండి ఎక్కినవాడు 'డౌన్' వచ్చేదాకా దిగకూడదు. మధ్యలో దిగితే 'ఉద్యోగాన్ని తిప్పింది' అని రాస్తాడు. అలా రాసినవాళ్ళను చూశాను. బాబాయి చూసిపెట్టిన ఉద్యోగం తనకొద్దనేసింది, అంతే సంగతి.

అందుకే మా పిల్లలకు మొదటి పనిగా పెన్సిలిస్తాను. తెలుగు గురించి ఆలోచించే ముందే, పేరాలో ఉన్న ప్రతి చిన్న మాటకూ (అప్, డౌన్, ఇన్, ఔట్, ఆన్, ఆఫ్, ఓవర్, అవే) సున్నా చుట్టి, అది ఏ క్రియ తాలూకు తోకో గీత గీసి కలపమంటాను. పిల్లచేష్టలా ఉంటుంది. కానీ రెండు వారాలు చేస్తే కంటికి అలవాటైపోతుంది.

రెండో అడుగు: అది దారా, తోకా?

ప్రతి 'అప్' తోక కాదు. 'రాన్ అప్ ఎ హిల్' అంటే కొండెక్కాడు. 'రాన్ అప్ ఎ బిల్' అంటే టీకొట్లో ఖాతా పెంచేశాడు. పోల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ చిన్న మాటను వాక్యం చివరికి జరిపి చూడండి. 'రాన్ ద బిల్ అప్' అనొచ్చు, 'రాన్ ద హిల్ అప్' అనకూడదు. జరిగితే తోక. జరగకపోతే చాలావరకు దారి. తోకల్లోనూ జరగనివి కొన్నున్నాయి, 'లుక్ ఆఫ్టర్' లాంటివి, కాబట్టి ఈ పరీక్ష మీదే పూర్తిగా ఆనుకోకండి.

దారిని చెప్పే మాటలకు తెలుగులో వేరే ఏర్పాటుంది. ఇంగ్లిష్‌వాడు ఎలా వెళ్ళాడో క్రియలో చెబుతాడు, ఎటు వెళ్ళాడో చిన్న మాటలో చెబుతాడు. మనం దీన్ని తిరగేస్తాం. ఎటు అన్నది క్రియలోనే ఉంటుంది: ఎక్కు, దిగు, దూరు, దాటు, చేరు. ఎలా అన్నది దాని ముందు వస్తుంది. 'రాన్ అప్ ద స్టెయిర్స్' అంటే 'మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కాడు'. 'పైకి పరుగెత్తాడు' అనడం తప్పు కాదు గానీ, ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర నిలబడి ఎవరూ అలా అనరు. 'లింప్డ్ ఔట్' అంటే 'కుంటుకుంటూ వెళ్ళిపోయాడు'. 'స్వామ్ అక్రాస్ ద రివర్' అంటే 'ఏరు ఈది అవతలి ఒడ్డు చేరాడు'.

ఈ విషయంలో పోర్చుగీసు మన ఒడ్డునే ఉంది. వాళ్ళకూ ఎక్కడానికి 'సుబీర్', బయటికి వెళ్ళడానికి 'సయీర్' అని విడివిడి క్రియలున్నాయి. ఎలా ఎక్కాడన్నది వేరే మాటలో చెప్పుకుంటారు, అచ్చం మనలాగే. లిస్బన్‌లో కూర్చుని ఇంగ్లిష్ నవలను అనువదించేవాడికీ, సత్యనారాయణపురంలో కూర్చున్న నాకూ ఒకేచోట తలనొప్పి వస్తుందన్నమాట. ఆ భాష నుంచి ఇస్త్రీ, అల్మారా, తువ్వాలు, మేస్త్రీ లాంటి మాటలు మనింట్లోకి ఎప్పుడో వచ్చేశాయి కూడా.

మూడో అడుగు: క్రియను వదలండి, వస్తువును చూడండి

అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడాల్సిన అడుగు ఇదే.

ఇంగ్లిష్‌లో 'పుట్ ఆన్' ఒక్కటే. చొక్కా, చీర, చెప్పులు, కళ్ళజోడు, పౌడరు, గాజులు, బొట్టు, అన్నిటికీ అదే చాలు. మనకు అలా కుదరదు. చొక్కా వేసుకుంటాం లేదా తొడుక్కుంటాం. చీర కట్టుకుంటాం, పంచె కూడా అంతే. కండువా భుజాన వేసుకుంటాం, శాలువా కప్పుకుంటాం. గాజులు వేసుకుంటాం. బొట్టు, కాటుక, కళ్ళజోడు, పూలు పెట్టుకుంటాం. పౌడరు రాసుకుంటాం, గంధం పూసుకుంటాం. ఒక పాత్ర ఉదయాన్నే తయారై బయల్దేరే దృశ్యం ఇంగ్లిష్‌లో ఒకే క్రియతో నడిచిపోతే, తెలుగులో ఐదారు క్రియలు దిగాలి. అన్నిటికీ 'ధరించింది' అని తగిలించారో, ఆ అమ్మాయి పెళ్ళిశుభలేఖలోంచి లేచొచ్చినట్టుంటుంది. 'కళ్ళజోడు ధరించి, చెప్పులు ధరించి, బస్సు కోసం పరుగెత్తింది' అని ఒక సబ్‌టైటిల్లో చదివాను. పాపం, అన్ని ధరించాక బస్సెలా అందుతుంది?

అదే 'పుట్ ఆన్' బరువుతో వస్తే 'ఒళ్ళు చేసింది' అంటాం. ఇంత చక్కని మాట ఉండగా 'బరువు పెరిగింది' అని ఎందుకు రాస్తారో నాకర్థం కాదు. డాక్టరు అంటే బరువు పెరిగిందనొచ్చు. పిన్ని అంటే మాత్రం 'కాస్త ఒళ్ళు చేశావే అమ్మాయ్' అనే అనాలి.

'టేక్ ఆఫ్' కూడా అంతే. చొక్కా విప్పుతాం, చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం. విమానం గన్నవరంలో గాల్లోకి లేస్తుంది. ఉద్యోగి రెండ్రోజులు సెలవు పెడతాడు. వ్యాపారం పుంజుకుంటుంది లేదా అందుకుంటుంది.

'టర్న్ ఆఫ్' మాట చూడండి. ఆఫ్ చెయ్యి అంటే అన్నిటికీ సరిపోతుంది, నేను కాదనను. కానీ మా ఇంట్లో లైటు తీసేస్తాం, ఫ్యాను ఆపుతాం, కుళాయి కట్టేస్తాం, టీవీ కట్టేస్తాం, దీపం మాత్రం ఆర్పం. దీపం ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. నవలలో నాయనమ్మ దేవుడి గదిలో దీపం దగ్గర ఉంటే, ఆమె నోట 'ఆఫ్' రాకూడదు, 'ఆర్పు' కూడా రాకూడదు.

గుంటూరు మిర్చి యార్డుకు సంబంధించిన ఒక వ్యాపార నివేదిక ఆమధ్య నా చేతికొచ్చింది. 'గ్రోయర్స్ ఆర్ హోల్డింగ్ ఔట్ ఫర్ ఎ బెటర్ ప్రైస్' అని ఉంది. నా దగ్గరికొచ్చే కుర్రాడు మొదట రాసింది: 'మెరుగైన ధర కోసం పెంపకందారులు పట్టుబట్టి నిలబడుతున్నారు.' ధర్నా చేస్తున్నట్టుంది. యార్డులో ఏమంటారో వెళ్ళి విని రమ్మన్నాను. సాయంత్రం తిరిగొచ్చి రాశాడు: 'రేటొస్తుందని రైతులు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే ఉంచుకున్నారు.' గుంటూరులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. 'హోల్డింగ్ ఔట్' అన్న క్రియ వాక్యంలో ఎక్కడా లేదు, అర్థం మాత్రం ఒక్క గింజ కూడా కింద పడలేదు. అదే నివేదికలో 'ప్రైసెస్ పిక్డ్ అప్' అంటే రేటు పుంజుకుంది, 'బయ్యర్స్ పుల్డ్ ఔట్' అంటే కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు.

నాలుగో అడుగు: తెలుగు తోక తగిలించండి

ఇప్పుడు మొదట చెప్పిన తోకల దగ్గరికొద్దాం. తెలుగులో కొన్ని క్రియలు తమ సొంత అర్థం సగం వదిలేసి, వేరే క్రియ చివర చేరి పనిచేస్తాయి. వాటిలో ముఖ్యమైనవి చేతిలో ఉంటే ఇంగ్లిష్ తోకల్లో సగానికి సగం లొంగుతాయి.

వెయ్యి. పని పూర్తిగా, ఒక ఊపులో, తెలిసే చేసినప్పుడు. 'డ్రింక్ అప్' అంటే తాగెయ్యి. 'ఈట్ అప్' తినెయ్యి. 'పే ఆఫ్' అంటే అప్పు తీర్చెయ్యి. 'హ్యాంగ్ అప్' అంటే ఫోన్ పెట్టెయ్యి. ఇంగ్లిష్ 'అప్' ఇక్కడ పైకి అన్న అర్థంలో లేదు, 'మొత్తం' అన్న అర్థంలో ఉంది. దానికి సరిజోడు ఈ 'వెయ్యి'నే.

పో. పని ఎవరూ చేయకుండా జరిగిపోయినప్పుడు. 'డ్రై అప్' ఎండిపోయింది. 'వేర్ ఔట్' అరిగిపోయింది. 'బర్న్ డౌన్' కాలిపోయింది. 'బర్న్' విషయంలో జాగ్రత్త: ఎవరో నిప్పు పెడితే 'తగలబెట్టేశారు', దానంతటదే అయితే 'తగలబడిపోయింది'. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే 'డౌన్' కాబట్టి, వాక్యంలో చేసినవాడు ఉన్నాడో లేడో చూసుకోవాలి. వార్తల్లో ఇది పోలీసు కేసు దాకా వెళ్ళే తేడా.

కొను. పని తనకోసం, తనవైపు చేసుకున్నప్పుడు. 'నోట్ డౌన్' రాసుకో. 'లుక్ ఆఫ్టర్' చూసుకో. 'ఓన్ అప్' ఒప్పుకో. 'గెట్ ఓవర్' తేరుకోవడం, కోలుకోవడం. 'పుట్ అప్ విత్' ఓర్చుకోవడం, సరిపెట్టుకోవడం.

పెట్టు. తర్వాతి అవసరానికో, ఇంకొకరి కోసమో చేసి ఉంచినప్పుడు. 'పుట్ బై' దాచిపెట్టు. బాబాయి 'చూసిపెట్టిన' ఉద్యోగంలోనూ ఉన్నది ఈ తోకే.

చూడు. 'ట్రై ఆన్' అంటే వేసుకుని చూడు. 'ట్రై ఔట్' వాడి చూడు. బీసెంట్ రోడ్డులో బట్టల షాపువాడు 'ఒకసారి వేసుకుని చూడండి మేడమ్' అంటాడు. 'ప్రయత్నించండి' అనడు.

పారెయ్, ఊరుకో, వచ్చు లాంటివి ఇంకా ఉన్నాయి. 'టియర్ అప్' చింపి పారేశాడు. 'లాఫ్ ఆఫ్' నవ్వి ఊరుకుంది. 'గెట్ బై' నెట్టుకొస్తోంది. 'ఆన్' సాగుతున్న పనిని చెబితే 'తూనే ఉండు': 'ద రెయిన్ వెంట్ ఆన్' వాన పడుతూనే ఉంది.

'కాదు' అనే వాక్యంలో ఒక మెలిక ఉంది. 'హి డిడింట్ ఈట్ ఇట్ అప్' అన్నదానికి 'తినెయ్యలేదు' అంటే తెలుగు చెవికి గుచ్చుకుంటుంది. పూర్తి కావడాన్ని చెప్పే తోకకు, జరగలేదనే మాట మామూలుగా పొసగదు. 'నువ్వు తినేశావు' అని నింద వేస్తే మాత్రం 'నేనేం తినెయ్యలేదు' అని వాదించొచ్చు. మిగతాచోట 'మొత్తం తినలేదు' అనో, ఇంకా బాగా 'కాస్త మిగిల్చాడు' అనో చెప్పాలి. 'తినెయ్యకు' అని వద్దనడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఐదో అడుగు: వాక్యాన్ని తిరగెయ్యడానికి జంకొద్దు

'వుయ్ హావ్ రన్ ఔట్ ఆఫ్ రైస్.' ఇందులో కర్త 'మేము'. తెలుగులో 'మేము బియ్యం అయిపోయాము' అనలేం కదా. బియ్యమే కర్తగా రావాలి: ఇంట్లో బియ్యం అయిపోయాయి. దాంతో పని అయిపోలేదు. బ్రాడీపేటలో ఉండే మా అమ్మ ఇప్పటికీ బియ్యం అయిపోయాయనదు, 'బియ్యం నిండుకున్నాయిరా' అంటుంది. పసుపు, కుంకుమ, ఉప్పు కూడా అంతే. ఖాళీ అయినదాన్ని నిండిందని చెప్పడం మనింటి మర్యాద. అదే 'రన్ ఔట్' పెట్రోలు గురించి అయితే నిండుకుందంటే నవ్వుతారు, అయిపోయిందనాలి. ఓపిక గురించి అయితే 'నశించింది', టైము గురించి అయితే 'మించిపోయింది'.

'థీవ్స్ బ్రోక్ ఇన్' అంటే తలుపులు విరగ్గొట్టడం గురించి రాయక్కర్లేదు, 'ఇంట్లో దొంగలు పడ్డారు' చాలు. 'దే డోంట్ గెట్ అలాంగ్' అంటే 'వాళ్ళిద్దరికీ పడదు'. 'వాళ్ళు' కర్తగా ఉన్న వాక్యం 'వాళ్ళకు' అయిపోయింది. అనుభవాలూ, ఇష్టాయిష్టాలూ, వచ్చేవీ పోయేవీ ఉన్న చోటల్లా ఈ తిరగేత అవసరమవుతుంది.

ఇక 'పాస్డ్ అవే'. ఎవరు పోయారు, ఎవరు చెబుతున్నారు, ఎవరితో అన్నదాన్ని బట్టి కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు, పోయారు. 'గడిచిపోయారు' అని ఒక యంత్రానువాదంలో చూశాను, అది వేరే విషాదం.

ఆరో అడుగు: మాట బరువు తూచండి

ఇంగ్లిష్‌లో 'పుట్ ఆఫ్' ఇంటిమాట, 'పోస్ట్‌పోన్' ఆఫీసుమాట. ఫ్రేజల్ వెర్బు వచ్చిందంటే సాధారణంగా ఇంటిమాట వచ్చిందని లెక్క. నిఘంటువులు మాత్రం 'టర్న్ డౌన్'కు తిరస్కరించు అనీ, 'పుట్ అప్ విత్'కు సహించు అనీ ఇస్తాయి. అర్థం సరిగ్గానే ఉంటుంది, బరువే తప్పుతుంది. పదహారేళ్ళ పిల్ల నోట 'నేను అతని ప్రతిపాదనను తిరస్కరించాను' అని పెడితే సినిమా చూసేవాళ్ళు నవ్వుతారు. 'వద్దని చెప్పేశా' చాలు.

తెలుగులో మూడు గిన్నెలున్నాయి. అచ్చతెలుగు, సంస్కృతం, సర్కారు కచేరీల ద్వారా వచ్చిన ఉర్దూ-పారసీ మాటలు. వార్తలు రాసేటప్పుడు మూడో గిన్నె ఎంత అక్కరకొస్తుందో! 'పుట్ ఆఫ్' వాయిదా, 'కాల్ ఆఫ్' రద్దు, 'స్టెప్ డౌన్' రాజీనామా. ఈ మూడూ ఆ గిన్నెలోవే. అయినా ఒక్కోదానికీ హద్దుంది. సభ రద్దవుతుంది. మ్యాచ్ రద్దవుతుంది. సమ్మెను మాత్రం 'విరమిస్తారు'. పెళ్ళి రద్దు కాదు. 'కాల్డ్ ఆఫ్ ద వెడ్డింగ్' అంటే సంబంధం తప్పిపోయింది, పెళ్ళి ఆగిపోయింది. 'వివాహం రద్దు' అంటే కోర్టు గుర్తొస్తుంది.

దిశను చెప్పే మాటలన్నీ తప్పనుకుని భయపడే కొత్తవాళ్ళూ ఉన్నారు. అదీ మంచిది కాదు. 'బ్యాక్ డౌన్' వెనక్కి తగ్గడం, 'కమ్ ఫార్వర్డ్' ముందుకు రావడం, 'క్లైమ్ డౌన్' దిగిరావడం, 'లుక్ డౌన్ ఆన్' చిన్నచూపు చూడటం. ఇవి మన భాషలో పుట్టి పెరిగినవే, దారిలో ఇంగ్లిష్‌తో కలిసి నడుస్తున్నాయంతే.

ఒక వరద వారం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారం ఇంగ్లిష్‌లో వస్తున్న సమాచారాన్ని తెలుగు చేసిపెట్టమని కొందరు అడిగితే కూర్చున్నాను. ఫ్రేజల్ వెర్బులకు అంతకన్నా మంచి బడి నాకు దొరకలేదు.

'కట్ ఆఫ్' ఒక్కటి చూడండి. 'రెసిడెంట్స్ ఆర్ కట్ ఆఫ్' అని ఉంది. మొదట వేలికొసకు వచ్చింది 'బాహ్య ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి'. ఇది పత్రికల్లో అరిగిపోయిన మాట, పైగా ఇంగ్లిష్ వాసన. 'జలదిగ్బంధం' ఇంకో పత్రికామాట, హెడ్డింగుకు బాగుంటుంది. మేడ మీద నుంచి ఫోన్ చేసిన మనిషి అన్నది మాత్రం 'నీళ్ళల్లో చిక్కుకుపోయామండీ'. అదే రాశాను. 'పవర్ వాజ్ కట్ ఆఫ్' దగ్గర మళ్ళీ ఆగాల్సొచ్చింది. ముందుజాగ్రత్తగా ఆపితే 'కరెంటు తీసేశారు', స్తంభాలు మునిగి పోతే 'కరెంటు పోయింది'. నాలుగో అడుగులో చెప్పిన వెయ్యి, పో తేడా ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన సంగతి. కరెంటు తీసేశారని తెలిస్తే నీళ్ళలో అడుగు పెడతారు, పోయిందంటే పెట్టరు. రోడ్డు 'కట్ ఆఫ్' అయితే రాకపోకలు ఆగిపోయాయి.

పడవలు 'బ్రోక్ లూస్' అయి బ్యారేజీకి గుద్దుకున్నాయి. 'వదులుగా విరిగాయి' కాదు సుమా. తాళ్ళు తెంచుకుని కొట్టుకొచ్చాయి. 'కొట్టుకొచ్చు', 'కొట్టుకుపో' అనే జంట ఎంత గొప్పదో అప్పుడే గమనించాను. మనవైపు వస్తే కొట్టుకొచ్చింది, మననుంచి పోతే కొట్టుకుపోయింది. ఇంగ్లిష్‌లో 'వాష్డ్ అప్', 'వాష్డ్ అవే' అని తోక మారినట్టే, మనకూ తోకే మారింది.

'ద వాటర్ వెంట్ డౌన్' అంటే నీటిమట్టం తగ్గుముఖం పట్టిందని అధికారులు అంటారు, నీళ్ళు తీశాయని జనం అంటారు. తర్వాత 'పీపుల్ ఆర్ క్లీనింగ్ అప్'. 'శుభ్రపరుస్తున్నారు' అని రాసి కొట్టేశాను. ఆ రోజుల్లో ఎవరూ శుభ్రపరచడం లేదు. ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుంటున్నారు.

ఏడో అడుగు: ఇంగ్లిష్‌నే ఉంచాల్సిన చోట

కొన్నిటిని తెలుగు చేయకండి. లాగిన్ అవ్వండి, బ్యాకప్ తీసుకోండి, మేకప్, చెకప్, వాకౌట్, లాకౌట్. ఇవన్నీ తోకతో సహా మనలోకి వచ్చి పేరుమాటలై కూర్చున్నాయి. వాటి పక్కన చెయ్యి, అవ్వు, తీసుకో పెడితే చాలు. యాప్‌లో లాగిన్ మీటకు 'ప్రవేశించండి' అని రాస్తే, గుడి వాకిలి అనుకునేవాళ్ళున్నారు. 'సైన్ అప్'కు మాత్రం 'ఖాతా తెరవండి' అనొచ్చు, బ్యాంకు పుణ్యమా అని అది అందరికీ తెలుసు.

ఎనిమిదో అడుగు: సొంత నోటుపుస్తకం

నిఘంటువులా ఎ నుంచి జెడ్ దాకా రాసుకోవద్దు. సందర్భం పేరుతో పేజీ పెట్టుకోండి: బట్టలు, వంటిల్లు, ఫోను, గొడవలు, డబ్బు, బస్సు, చావు. ఒక్కో పేజీలో తెలుగు మాటలు ముందు రాసి, వాటి ఎదురుగా ఏ ఇంగ్లిష్ తోక వచ్చిందో రాసుకోండి. గొడవల పేజీలో నాకు చెడింది, మాటల్లేవు, బెడిసికొట్టింది, చీవాట్లు పెట్టాడు, బావురుమంది, రాజీపడ్డారు ఉన్నాయి. 'ఫాల్ ఔట్', 'ఫాల్ త్రూ', 'టెల్ ఆఫ్', 'బ్రేక్ డౌన్', 'మేక్ అప్' ఎప్పుడొచ్చినా ఆ పేజీ తీస్తాను. మాటలు దొరికే చోటు పుస్తకాల షాపు ఒక్కటే కాదు. సిటీ బస్సులో ముందు సీటు, రైతుబజారు, ఆసుపత్రి వరండా ఇంకా మంచివి.

చేసి చూద్దాం

ఈ మధ్య పిల్లలకు నేనే కట్టి ఇచ్చిన నాలుగు ముక్కలు:

'షీ బ్రాట్ అప్ త్రీ కిడ్స్ ఆన్ హర్ ఓన్ అండ్ నెవర్ గేవ్ అప్. వెన్ ద మనీ రాన్ ఔట్, షీ టుక్ అప్ సోయింగ్. హర్ బ్రదర్స్ టర్న్డ్ హర్ డౌన్. షీ గాట్ బై.'

ఆరు తోకలున్నాయి. ఒకమ్మాయి మొదటి ప్రయత్నం ఇది: 'ఆమె తన సొంతంగా ముగ్గురు పిల్లలను పెంచింది మరియు ఎన్నడూ వదులుకోలేదు. డబ్బు అయిపోయినప్పుడు ఆమె కుట్టుపనిని చేపట్టింది. ఆమె సోదరులు ఆమెను తిరస్కరించారు. ఆమె మనుగడ సాగించింది.'

అర్థం తప్పిన చోటు ఒక్కటే, 'వదులుకోలేదు'. దేన్ని వదులుకోలేదని అడిగితే జవాబు లేదు. ఇక్కడి 'గివ్ అప్' చేతులెత్తేయడం, కాడి పడేయడం, డీలా పడటం. మిగతావన్నీ బరువు తప్పాయి. నాలుగు వాక్యాల్లో ఐదుసార్లు 'ఆమె' అవసరమే లేదు, 'పెంచింది' లాంటి క్రియల చివరా, సందర్భంలోనూ ఆ సంగతి చాలావరకు తెలిసిపోతుంది. 'మరియు'ను తీసేస్తే ఎవరికీ లోటు తెలియదు.

ఇద్దరం కూర్చుని గంటసేపు తోమాక ఇలా తేలింది: 'ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. ఏనాడూ చేతులెత్తెయ్యలేదు. ఉన్న డబ్బులైపోతే కుట్టుమిషను ముందు కూర్చుంది. అన్నదమ్ములు మావల్ల కాదనేశారు. ఎలాగో నెట్టుకొచ్చింది.'

'చేతులెత్తెయ్యలేదు'లో 'వెయ్యి' తోకకు 'లేదు' తగిలింది కదా మాస్టారూ, పొసగదన్నారుగా అని ఆ అమ్మాయి పట్టుకుంది. చేతులెత్తెయ్యడం మొత్తం కలిసి ఒకే మాటగా గట్టిపడిపోయింది, అందులోని తోక ఇక విడిగా ఊగదు, అందుకే చెల్లింది అన్నాను. అయినా ఆమెకు నచ్చలేదు. 'ఒంటిచేత్తో' అన్న వెంటనే మళ్ళీ 'చేతులు' ఎందుకని, అక్కడ 'ఏనాడూ డీలా పడలేదు' అని మార్చింది. అదే బాగుంది, అదే ఉంచాం.